సొట్ట కొట్టనన్న చిన్నక్క

మా చిన్నక్కను వీధిలో గొట్టాలమ్మ అనేవారు. వెక్కిరింతగానే మొదలుపెట్టారు. ఎవరు పిలిచినా ఆవిడ "ఆఁ, చెప్పండి" అని నిమ్మళంగా పలికేసరికి వెక్కిరించేవాళ్లకే విసుగొచ్చి, చివరికి అదే పేరైపోయింది.

మా షెడ్డులో నాన్న పక్కన నిలబడి బండ్ల సైలెన్సర్లు అతకడం నేర్చుకుంది. నాన్న పోయాక షెడ్డు వ్యవహారమంతా పెద్దక్క భర్త, మా బావ చూసుకునేవాడు. చెడ్డవాడు కాదు. చప్పుడు పడదు, మసి పడదు, అంతే. షెడ్డును స్పేరు పార్టుల కొట్టుగా మార్చాలని ఆయన కోరిక. ఆయన అట్టపెట్టెలు గోడ పక్కనుంచి వరదనీరులా జరుగుతూ జరుగుతూ చిన్నక్క వెల్డింగు బల్ల కాళ్ల దాకా వచ్చేశాయి.

అప్పుడొచ్చింది ఆ పాత కారు. వంపు తిరిగిన మడ్‌గార్డులు, గుండ్రటి దీపాలు. యజమాని బేకరీ నడిపే ఆయన. ముచ్చటపడి అందులో ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టించుకున్నాడు. ఇంజనైతే కూర్చుంది గాని పొగ పోవడానికి దారి లేదు. డ్రైవరు వైపు ఇంజను నుంచి నాలుగు గొట్టాలు దిగి, కింద ఒకటిగా కలవాలి. సరిగ్గా అవి దిగే చోటే స్టీరింగు బాక్సు, అక్కడినుంచి ముందు చక్రం వైపు పోయే రాడ్డు. రెండు షెడ్లవాళ్లు చూసి చేతులెత్తేశారు.

బావ వంగి చూశాడు. "ఇందులో ఏముందమ్మా? రెండు గొట్టాలకు చెరో సొట్ట కొడితే రాడ్డు హాయిగా ఆడుతుంది."

"సొట్ట కొట్టను బావా. అంత ఇంజను పెట్టించి దాని గొంతు నొక్కమంటారా?"

"అందరూ కొట్టేదే!"

"అందరినీ అడిగే కదా ఇక్కడికొచ్చింది బండి."

పరాయి మనిషి ముందు మాట పడ్డందుకు బావకు రోషమొచ్చింది. "సరే, సొట్ట లేకుండా దీన్ని రోడ్డెక్కించు. బల్ల ఉంటుంది. లేకపోతే బల్ల తీసేస్తాను, మీ అక్క పక్కన కౌంటర్లో కూర్చుందువుగాని, ఫ్యాను కింద."

"ఫ్యాను గాలి నాకు పడదు, జలుబు చేస్తుంది," అంది నవ్వుతూనే. ఆ పూట కంచంలో చెయ్యి పెట్టి అలాగే లేచిపోయింది.

కారును స్టాండ్ల మీదికెత్తి పని మొదలుపెట్టింది. ముందు మెత్తటి తీగను వంచి దారి వెతుక్కునేది. ఆ వంపు చూసుకుంటూ గొట్టం ముక్కలు కోసి చుక్కచుక్కగా అతికేది. రాడ్డుకూ గొట్టానికీ మధ్య సందు ఎంతుందో తెలుసుకోవడానికి నాన్న పద్ధతి ఒకటుంది. మధ్యలో పిండిముద్ద పెట్టి స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి. అణిగిన ముద్ద వేలెడు మందం మిగిలితే సరే.

"ఒసేయ్, నా పిండంతా బండికి మేపుతున్నావా?" అంది అమ్మ.

"కొంచెమేనే. మళ్లీ ఇచ్చేస్తాను."

"గ్రీజు కలిపి ఇస్తావు. నాకెందుకు, దాన్నే తినమను!"

నాలుగు గొట్టాలూ రాడ్డును తాకకుండా, పిల్లను పొదివిపట్టుకున్న వేళ్లలా దిగాయి. ముద్ద వేలెడు నిలిచింది. అందరినీ పిలిచి కారును కిందికి దించింది.

చక్రాలు నేలను తాకాయి. బరువుకు స్ప్రింగుల్లాంటి కమాన్ పట్టీలు అణిగాయి, ఇరుసు పైకి జరిగింది, దాంతోపాటే రాడ్డూ లేచింది. స్టీరింగు సగం తిరిగి మూడో గొట్టానికి కొట్టుకుని ఆగిపోయింది. పిండి తప్పు చెప్పలేదు. గాల్లో వేలాడుతున్న చక్రాలకు కొలత తీసింది చిన్నక్కే.

బావ నవ్వలేదు. సుత్తి తెచ్చి అందించాడు. "ఒక్క దెబ్బ. ఎవరికీ కనపడదు."

"నాకూ పట్టింపు లేదమ్మా, కానిచ్చెయ్," అన్నాడు బేకరీ ఆయన.

సుత్తి అందుకుని అట్టపెట్టె మీద పెట్టింది. రంపం తీసుకుని మూడో గొట్టాన్ని, దాని పక్కదాన్నీ మొదలంటా కోసేసింది.

"పిచ్చా నీకు?"

"తప్పు నాది బావా. దెబ్బ గొట్టానికెందుకు?"

ఈసారి కారు నేల మీదే ఉంది. చిన్నక్క గోనెపట్టా పరుచుకుని దాని కిందికి దూరింది. గతుకుల్లో పట్టీలు ఎంతదాకా అణుగుతాయో చూడాలంటే ముందువైపు బరువు కావాలి. వీధిలోకెళ్లి మనుషుల్ని పిలుచుకొచ్చి బంపరు మీద వరసగా కూర్చోబెట్టింది.

"నన్ను మాట సాయానికి పిలిచావా, ఒంటి బరువుకు పిలిచావా?" అన్నాడు లావుపాటి టైలరు.

"మాటకైతే పిన్నిని పిలిచేదాన్ని బాబాయ్. కదలకండి."

పెద్దక్క కౌంటరు వదిలి వచ్చి తనూ ఎక్కి కూర్చుంది. "మీ ఆయన చూస్తున్నాడే," అంది అమ్మ. "చూడనీ. పెళ్లయ్యాక కారెక్కడం ఇదే మొదలు," అంది పెద్దక్క. అమ్మ కొంగు చాటునుంచి పిండిముద్ద తీసి కారు కిందికి అందించింది.

ఆ రెండు గొట్టాల కొత్త అతుకులన్నీ పూర్తయిన రోజున బావను ముందు సీట్లో కూర్చోబెట్టి చిన్నక్కే స్టీరింగు పట్టింది. వీధి మలుపులో స్పీడు బ్రేకరు ఉంది. మామూలుగా ఎవరైనా అక్కడ నెమ్మదిస్తారు. ఈవిడ నెమ్మదించలేదు. స్టీరింగును కొసదాకా తిప్పి మరీ ఎక్కించింది. బావ డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకున్నాడు. కారు ఎగిరి పడింది. ఇంజను ఉరుము తప్ప ఇంకే చప్పుడూ లేదు. వెనక్కి తిప్పుకొచ్చి మళ్లీ ఎక్కించింది.

"చాలు తల్లీ, చాలు! బల్ల ఉంచుకో," అన్నాడు దిగుతూ.

"ఉంచుకోమనడానికి అది మీదెప్పుడైంది బావా?"

షెడ్డులోకొచ్చి చేతులైనా కడుక్కోకుండా బల్ల చుట్టూ ఉన్న అట్టపెట్టెలు ఎత్తడం మొదలుపెట్టింది.

"జాగ్రత్త, పగిలే సామాన్లవి!"

"అందుకే మీరో చెయ్యి వెయ్యండి."

బావ చొక్కా చేతులు మడుచుకున్నాడు.