లీటరు ఊట నీళ్ళు

చలికాలం సాయంత్రం, హాలిఫాక్స్ హార్బర్ దాటే ఫెర్రీలో నా పక్కనున్నావిడ ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే పలకరించాను. ఆమె ఒళ్ళో లీటరు సీసా ఉంది. అడుగున తుప్పురంగు మడ్డి పేరుకుని ఉంది. అదేమిటని అడిగాను.

"ఊట నీళ్ళు అంకుల్. ఊరి బయట పాత ఊట దగ్గర పట్టుకొచ్చా. పూర్వం ఒక డాక్టరు అక్కడ ఈ నీళ్ళతోనే ట్రీట్ చేసేవాడంట. మంచాన పడ్డవాళ్ళు లేచి నడిచారని బోర్డు మీద రాసుంది."

ఆమె భర్త కిడ్నీలు పాడై అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉన్నాడు. డయాలసిస్ కూడా పడటం లేదని, ఇక చేయగలిగింది లేదని ఆ ఉదయమే చెప్పారట.

నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. పందొమ్మిదో శతాబ్దపు వైద్యులకు మందులు తక్కువ. ఇలాంటి ఊటల దగ్గర స్నానశాలలు కట్టించి, రోగులచేత ఆ నీళ్ళు తాగించేవారు, వాటిలో నానబెట్టేవారు. కొందరికి ఆ విశ్రాంతికే నెమ్మదించేది. అదంతా ఆమెకు చెప్పాను.

"వీటిలో లవణాలెక్కువమ్మా. ఆయనకు తాగిస్తే ప్రాణం మీదికొస్తుంది."

"వచ్చేసింది కదా అంకుల్! ఇంకా ఏం రావాలి?" అని కసురుకుంది.

ఫెర్రీ ఒడ్డుకు చేరింది. అందరూ లేచినా ఆమె లేవలేదు.

"పోనీ, వీటితో ఆయన కాళ్ళు కడగొచ్చా?" అంది, నా వైపు చూడకుండానే.

"కడగండమ్మా. చల్లగా వద్దు, గోరువెచ్చగా ఉండాలి."

ఆమె కోటు జిప్పు తీసింది. సీసాను లోపల కడుపుకు ఆనించుకుని, జిప్పు మెడదాకా లాగి దిగిపోయింది.