గుండీ పగడాలకు సిగ్నల్ దీపం

పోయిన వారం నేను నాలుగు పగడాలను చంపబోయాను. విషం పెట్టి కాదు, పస్తులుంచి కాదు. వెలుతురుతో! ఎలాగో వినండి.

మా ఆవిడ శారద కలకత్తా దగ్గర మా రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పింది. ఏటా పగడపు దిబ్బ బొమ్మను సుద్దముక్కతో బోర్డు మీద గీసేది. బతికున్న పగడాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. రిటైరయ్యాక హాల్లో రెండడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టింది. నీళ్లు కుదురుకోవాలంటూ మూడు నెలలు అందులో ఒట్టి నీళ్లే పెంచింది. చివరికి కలకత్తా దుకాణం నుంచి పగడాలు వచ్చాయి. ట్యాంకుల్లోనే పెంచే మెత్తని రకం. అరచేయంత రాయి, దాని మీద చొక్కా గుండీలంత ముద్దలు నాలుగు. దారిలోనే ముడుచుకుపోయాయి. అవి విచ్చుకోవడం చూడకుండానే తను విజయనగరంలో పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది.

"ఏమండీ, ఇవి వెలుతురు తిని బతుకుతాయి. నేనొచ్చేసరికి ప్రాణాలతో ఉండాలి" అంటూ ఫ్రిజ్ మీద చీటీ అంటించింది: "నీలం లైటు కొనాలి. తక్కువ వెలుగుతో మొదలు."

నేను పత్రికలో పనిచేసినవాణ్ని. ఒక్కరి మాట మీద వార్త వేసే అలవాటు లేదు. రెండో మనిషిని అడగాలి. మా ఊళ్లో ఎవర్ని అడగాలో వెతుక్కోనక్కర్లేదు. ప్రతి సందేహానికీ ఒక రైల్వే డిపార్ట్‌మెంటు ఉంటుంది. కుళాయి కారితే వర్క్స్ వాళ్లు, తలుపు బిగుసుకుంటే క్యారేజీ వాళ్లు. వెలుతురంటే సిగ్నల్స్. అంటే మా బామ్మర్ది అప్పారావు.

అప్పారావు చీటీ చూసి నవ్వాడు. "నీలమేటి బావా! అది దూరానికి ఆనదు. తెల్లదే ఎయ్యాలి. సర్వీసంతా సిగ్నల్ దీపాలు సూసినోణ్ని, మా అక్క నాకు సెప్తాదేటి?"

వాళ్ల పెరట్లో ఉన్న ఫ్లడ్‌లైటు విప్పి తెచ్చి మా ట్యాంకు మీద బిగించాడు. తర్వాత టెస్టు. తలుపులు బార్లా తీయించి, నన్ను స్విచ్చి దగ్గర నిలబెట్టి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వీధి చివరిదాకా నడిచాడు. అక్కణ్నించి ఫోను. "బావా, మిట్టమధ్యాన్నం సుక్కలాగ కనబడతంది! పాస్!"

నేనూ సంతోషించాను. వీధి చివర నుంచి పగడాలను చూడాల్సిన అవసరం ఎవరికుందో మా ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు గుండీలు ఇంకా బిగుసుకున్నాయి. ఆ మర్నాటికి వాటి ముదురు రంగు పాలెక్కువైన టీలా వెలిసిపోయింది. కలకత్తా దుకాణదారుకి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "దాదా, సూరజ్ లగా దియా క్యా?" ఏకంగా సూర్యుణ్నే బిగించావా అని!

అప్పుడు చెప్పాడు. సముద్రంలో లోతుకి పోయేకొద్దీ రంగులన్నీ ఒక్కొక్కటే ఆరిపోతాయట. అన్నిటికన్నా లోతుకి దిగేది నీలమే. పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు ఉంటుంది. ఆ కాస్త నీలంతో అది వంట చేసి పగడానికి పెడుతుంది. "మీరు ఆ వంటిల్లు తగలబెట్టారు దాదా" అన్నాడు. నీలం లైటు లోకల్ ట్రైన్లో వచ్చే మనిషితో పంపిస్తూ, "బాగా ఎత్తులో కట్టండి. శనివారానికి విచ్చుకోకపోతే ఆశ వదులుకోండి" అన్నాడు.

శారద వచ్చేదీ శనివారమే.

ఫ్లడ్‌లైటు విప్పి మూలన పెట్టి, వచ్చిన నీలం లైటు ఎత్తులో కట్టి, రెండు రోజులు కుర్చీ వేసుకుని ట్యాంకు ముందే కూర్చున్నాను. అప్పారావు వచ్చి, ఏ సలహా ఇవ్వకుండా, నేల మీద కూలబడేవాడు. "ఏటైనా కదిలిందా బావా?" "లేదురా."

శనివారం సాయంత్రం శారద వచ్చింది. మూలనున్న ఫ్లడ్‌లైటు చూసింది, మా ఇద్దరి మొహాలు చూసింది. కర్టెన్లు లాగి, గదిలో దీపాలార్పి, ట్యాంకు ముందు కూర్చుంది. నీలం లైటు ఒక్కటే వెలుగుతోంది.

చాలాసేపటికి ఒక గుండీ అంచు కదిలింది. కనురెప్పల వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చుట్టూ పచ్చటి వలయం రాజుకుంది. నడుమ నారింజ రంగు నిప్పు కణిక. ఆ పచ్చదనం, ఆ నారింజ మా లైటులో లేనే లేవు. నీలాన్ని తాగి ఆ రంగులు అవే పుట్టిస్తున్నాయి! రెండోది తెరుచుకుంది. తర్వాత మిగతా రెండూ. అప్పారావు చేతులు జోడించాడు.

"ఇన్నేళ్లూ వీటిని తెల్లగా గీశానండీ" అంది శారద.

తర్వాత తేరుకుని ఫోన్ తీసి, నన్ను ట్యాంకు పక్కన నిలబెట్టి ఫొటో కొట్టింది. చుట్టాల గ్రూపులో పెట్టింది. ఆ లైటుకి ఇంకో గుణం ఉందని మాకెవరూ చెప్పలేదు. సబ్బుపొడితో ఉతికిన తెల్లబట్ట దాని కింద భగ్గున మెరుస్తుంది. ఫొటోలో పగడాలు మసకగా నాలుగు చుక్కలు. నా బనీను మాత్రం దేదీప్యమానం!

విజయనగరం పిన్నిగారి నుంచి నిమిషంలో ప్రశ్న వచ్చింది. "భలే ఉన్నాయే శారదా! ఆ పెద్ద తెల్లదానికి మేతేటి పెడతన్నావు?"

మా ఆవిడ నా ఎదుటే జవాబు టైపు చేసింది. "రెండు పూటలా అన్నమే పిన్నీ. ఎదుగుదలే లేదు."