బచ్చన్నపేట అక్కకు చెప్పిన మాట

మొన్న గార్లలో మా అల్లుడు తన పాత ట్రాక్టరుకు కొత్త లిఫ్ట్ ఆర్ములు తెప్పించాడు. వెనక నాగళ్లను పైకెత్తే ఆ రెండు ఇనుప చేతులు అట్టపెట్టెలో ఇంటికే వచ్చాయి. మెకానిక్ బిగించి వెళ్లాక కూడా నాకు కుదురు లేదు. టీ చల్లారిపోతున్నా లేచి వెళ్లి పిన్నులు తడిమి చూడటం, వచ్చి కూర్చోవడం, మళ్లీ లేవడం. మా అమ్మాయి నవ్వింది గానీ, ఈ గాబరా నాకు ఎప్పటినుంచి అంటుకుందో ఆమెకు తెలియదు.

పెళ్లయిన కొత్తలో నేను జనగామలో ఒక షెడ్డులో మెకానిక్‌ని. వానలు మొదలై పత్తి గింజలు పెట్టే రోజుల్లో, బచ్చన్నపేట వైపు నుంచి ఒక అక్క తన ట్రాక్టరును తానే నడుపుకుంటూ వచ్చింది. భర్త బొంబాయికి పనికి పోవడంతో సేద్యమంతా ఆమె మీదే పడింది. ఎడమవైపు లిఫ్ట్ ఆర్ము నడుమ పగిలింది. అంత పాత బండికి కొత్తది ఊళ్లో దొరకలేదు, నాకు పని నేర్పిన మా ఉస్తాద్ ఆ రోజు రాలేదు, అదును దాటిపోతుందని ఆమె తొందర. పగులుకు వెల్డింగ్ పెట్టాను. "తమ్మీ, గిది ఆగుతదా?" అని అడిగింది. ఆగుతుందన్నాను. అన్నానే గానీ, బండి మలుపు తిరగకముందే నా మాట మీద నాకే నమ్మకం పోయింది.

మర్నాడు ఉస్తాద్‌కు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "వెల్డింగ్ మంచిగనే పెట్టినవ్ కావచ్చు. గని దాని కింద నువ్వు కూసుంటవా?" అన్నాడు, అంతే. మొగుళ్లపల్లిలో తనకు తెలిసినాయన దగ్గర అదే రకం ట్రాక్టరు విప్పేసి ఉందనీ, దాని ఆర్ములు ఇంకా మందమనీ ఆయనే చెప్పాడు. బస్సులు మారి వెళ్లి, ఆ జతను గోనెసంచిలో కట్టుకుని, మరుసటి మధ్యాహ్నానికి బచ్చన్నపేటలో దిగాను. దారి పొడుగునా సీటు దొరికినా కూర్చోలేకపోయాను.

చేలో ఇంజను నడుస్తూనే ఉంది. నాగళ్లు పైకెత్తి ఉన్నాయి, వాటి కింద అక్క వంగి, చిక్కుకున్న గడ్డివేళ్లు పీకుతోంది. సంచి గట్టు మీదే వదిలి పరుగెత్తాను. బయటికి రమ్మంటే ఏమైందని విసుక్కుంటూనే వచ్చింది. నాగళ్లు నేలకు దించి ఆ ఆర్మును ఊడదీశాను. సుత్తితో ఒక్కసారి తట్టగానే వెల్డింగ్ పెట్టినచోట రెండు ముక్కలైంది. గట్టు మీది సంచి అక్కే వెళ్లి తెచ్చింది.

తెచ్చిన జత ఎక్కించడం తేలిగ్గా కాలేదు. ఆర్ములు కూర్చునే షాఫ్టు చుట్టూ పళ్లుంటాయి, ఒక్క పన్ను అటూఇటూ అయినా నాగళ్లు ఒకవైపు ఎత్తుగా లేస్తాయి. మొదటిసారి అట్లాగే అయింది, విప్పి మళ్లీ ఎక్కించాను. ఆమె మూడుసార్లు ఎత్తి దించి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా, "ఇప్పటిసంది తెల్వకపోతే తెల్వదని చెప్పు తమ్మీ" అంది.

ఆ తర్వాత షెడ్డులో ఉన్నన్నాళ్లూ తెలియదని ఎన్నిసార్లు చెప్పానో. విన్నవాళ్లలో కొందరు బండి తిప్పుకుని వేరే షెడ్డుకు పోయారు, కొందరు నాతోపాటే కూర్చుని ఏం చేద్దామని ఆలోచించారు. ఇప్పుడు అల్లుడి కొత్త ఆర్ములతో పాటు, ఆగుతుందన్న ఆ భరోసా గ్యారంటీ కాగితం మీద అచ్చయి వచ్చింది. దాన్ని రాసినవాళ్లు తమ మాట మీద అనుమానం కలిగితే చేను దాకా నడిచి వస్తారో లేదో అందులో ఉండదు.