అక్క మొహంలో జనం చూసింది

అక్క పోయిందని మొన్న పొద్దున బావ ఫోన్ చేశాడు. "మీ అక్క ఇగ లేదమ్మా" అన్నాడు.

ఎల్బీనగర్‌లో మేం చాలా ఏళ్లు పైవాటాలో అద్దెకున్న ఇల్లు వాళ్లది. ఆమె నాకు రక్తసంబంధం కాదు. అయినా సొంత అక్కను కూడా అంత నోరారా పిలిచి ఉండను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్బీనగర్ వైపు ఆమెను ఎరగనివాళ్లు లేరు. నల్గొండ పల్లె నుంచి వచ్చిన గాయని. సన్నగా, పొడుగ్గా ఉండేది. గొంగడి వేసుకుని వేదిక ఎక్కితే హయత్‌నగర్ నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. టీవీల్లో ఆమే, గోడల మీద పోస్టర్లలో ఆమే. పాడే ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకునేది. ఇంట్లో మాత్రం గొంతెత్తేది కాదు. బియ్యం ఏరుకుంటూ సన్నగా కూనిరాగం తీసేది, అంతే.

మాది కృష్ణా జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. ఊరేగింపులు ముదిరిన రోజుల్లో భయమేసి, "మేం ఖాళీ చేసేస్తాం అక్కా, మా వల్ల మీకు మాటొస్తుంది" అన్నాను.

"మీరు కిరాయిస్తుండ్రు, నేను ఇల్లిచ్చిన. నా కొట్లాట నీతోని కాదు చెల్లె. పో, అన్నం వండుకో" అంది.

బంద్ నాడు వీధిలో డప్పులు మోగితే, చింతపండు గంప తెచ్చుకుని మా మెట్ల మీద కూర్చుని గింజలు తీసేది. ఆమెను దాటి పైకి ఎవరూ రారని మాకు తెలుసు.

ఆ రోజుల్లోనే ఆమెకు కిడ్నీ జబ్బు బయటపడింది. దవాఖానకు నేనే తోడు వెళ్లాను. వాడిన మందులకు మొహం గుండ్రంగా ఉబ్బింది, బుగ్గలు నున్నగా మెరిశాయి, మెడ కనిపించకుండా పోయింది. నీళ్లు కూడా ఎక్కువ తాగకూడదు. దాహమైతే ఐసుముక్క నోట్లో వేసుకునేది.

ఒక ఛానెల్‌వాళ్లు ఆమె పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించారు. ఇక అందరి నోళ్లలోనూ అదే.

"గా మొకం జూడు, ఎట్ల మెరుస్తుందో! ఆంధ్రోళ్ల పైసలు మంచిగనే ఒంటబట్టినయ్" అన్నాడు కూరగాయల బండి దగ్గర ఒకతను.

"పైన కిరాయికి పెట్టుకున్నది గూడ వాళ్లనే గద" అంది ఇంకొకామె. నేను కూరలు కొనకుండానే వచ్చేశాను.

"జబ్బని చెప్పేయండి అక్కా" అని బతిమాలాను.

"ఎందుకు జెప్పాలె? పాట ఇనమని స్టేజి ఎక్కిన. రోగం జూపెట్టి నమ్మించుకుంటనా?" అంది.

తర్వాత ఎల్బీనగర్‌లోనే ఒక సభ జరిగింది. ఆమె మైకు ముందుకు రాగానే చప్పట్లు సగంలో ఆగాయి. "ఎంతకు అమ్ముడువోయినవ్ అక్కా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు. మొదటి చరణం పాడింది. రెండోదానికి ఊపిరి అందలేదు. ఆయాసపడుతుంటే, "తిన్నది అరుగుతలేదు" అని ఇంకో గొంతు. అక్క మైకు పక్కనున్న అమ్మాయికి ఇచ్చేసింది. దిగిపోతుందనుకున్నాం. దిగలేదు. వెనక్కి వెళ్లి, కోరస్‌వాళ్ల మధ్య నిలబడి, ఆఖరి పాటదాకా గొంతు కలిపింది. ఆ తర్వాత ఏ సభలోనైనా ఆమె చోటు అదే.

ఇంటికొచ్చాక మాత్రం, "జనం కోసమే పాడిన. జనమే గట్లంటే యాడికి పోవాలె చెల్లె?" అంది.

రాష్ట్రం వచ్చేనాటికి డాక్టరు మందు తగ్గించాడు. జబ్బు తగ్గలేదు. మనిషి చిక్కి సగమైంది. చెంపలు లోపలికి పోయి ఎముకలు తేలాయి. అప్పుడు ఆ గల్లీవాళ్లే దండలు పట్టుకొచ్చారు. "ఉద్యమం కోసం కరిగిపోయినవ్ తల్లీ" అని కాళ్లు మొక్కారు.

వాళ్లు వెళ్లాక అక్క పగలబడి నవ్వింది. "లావైతే అమ్ముడువోయిన్నంట, బక్కగైతే త్యాగం జేసిన్నంట. గోలీ పెంచితే దొంగను, తగ్గిస్తే దేవతను!" నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దండలు బావ చేతికిచ్చి, "జర బయట పెట్టు, వాసనకు కడుపుల తిప్పుతుంది" అంది.

మొన్న నేను వెళ్లేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఎవరో ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆమె పడుచుతనంలో ఉంది. కింద ఫ్రీజర్ పెట్టెలో ఉన్న మొహం మళ్లీ ఉబ్బింది, నల్లబడింది. వరసలో వచ్చినవాళ్లు ఫ్లెక్సీ చూసి, పెట్టెలోకి చూసి, మళ్లీ తలెత్తి ఫ్లెక్సీ చూస్తున్నారు.

"ఈమేనా?" అని ఒకామె పక్కనామెను గుసగుసగా అడిగింది.

బావ విన్నాడు. "ఈమెనే" అన్నాడు.

పెట్టె అద్దం మీద చెమ్మ కమ్ముకుంది. బావ భుజం మీది తువ్వాలు తీసి, అక్క మొహం కనపడేలా తుడిచాడు. కాసేపటికి మళ్లీ కమ్ముకుంది. మళ్లీ తుడిచాడు. వరస కదులుతూనే ఉంది. ఆయన తుడుస్తూనే ఉన్నాడు.