జారిపడలేదని రాసిన కట్టు సార్

పోయిన ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. కట్టు సార్ కూతురు. "అన్నా, నాయన పోయినాడు. చర్చికి పోదామని చొక్కా గుండీలు పెట్టుకుంటా కూసున్నోడు అట్లే పక్కకు ఒరిగిపోయినాడు" అంది. "బేగా రాన్నా, సాయంత్రమే తీసకపోదామంటాండారు" అని తనే ఫోన్ పెట్టేసింది.

నంద్యాలలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్క సీటు పెద్దాయన నా మోకాలి మీద చెయ్యేసి "ఎవరప్పా?" అన్నాడు. "మా సార్" అన్నాను. "ఏ బళ్లో?" అన్నాడు. బడి కాదు పెద్దాయనా అని మాత్రం అనగలిగాను. మిగిలింది ఆ బస్సులో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేసింది పిల్లల హోంలో. పద్దెనిమిదేళ్లు నిండకముందే కేసుల్లో ఇరుక్కున్న మగపిల్లల్ని కేసు తేలేదాకా ఉంచే చోటు అది. చుట్టూ ఎత్తు గోడ, గేటుకు తాళం. ఆ హోం యాడుందో చెప్పను, పిల్లల పేర్లూ చెప్పను. చెప్పకూడదని చట్టముంది. చట్టానికి తోడు సార్ తన మాట ఒకటి కలిపేవాడు: "రేపు వాళ్ల పేరు వాళ్లు కొత్తగా మొదలుపెట్టుకోవాల గదప్పా. మనం దాన్ని నోట్లో ఏసుకోని నమలగూడదు."

ఆయన సర్కారు ఆసుపత్రిలో డ్రెస్సరుగా చేసి రిటైరైన మనిషి. డ్రెస్సరంటే గాయం కడిగి, మందు రాసి, కట్టు కట్టేవాడు. రిటైరయ్యాక వారానికి మూడ్రోజులు మా హోంకు రావడానికి ఒప్పుకున్నాడు. ఆళ్లగడ్డలో పొద్దున్నే బస్సెక్కి, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఒక చేతిలో దూది పెట్టెతో దిగేవాడు. కట్టు సార్ అనేది పిల్లలు పెట్టిన పేరు. ఆయనకు ఆ పేరంటే ఇష్టం. ఒకసారి పై నుంచి వచ్చిన అధికారి ఒకాయన "మీ హోదా ఏంది?" అంటే "కట్టు సార్" అనే చెప్పుకున్నాడు.

మా నాయన ఆ హోంలోనే కాపలా పని చేస్తూ గుండెపోటుతో పోతే, ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. రుద్రవరంలో అమ్మ, చదువుకుంటున్న ఇద్దరు చెల్లెళ్లు. ఎవరి మాటకూ ఎదురు చెప్పకుండా ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాల, అంతకు మించి నాకు ఆలోచన లేదు.

చేరిన రెండో వారం ఒక పిల్లోడికి కనుబొమ్మ చీలింది, చెంప వాచింది. పెద్ద పిల్లలు కలిసి కొట్టారని హోంలో అందరికీ తెలుసు. సూపరింటెండెంటు నన్ను పిలిచి "బాత్రూంలో జారిపడినాడని రాయప్పా. లేకుంటే పైకి జవాబులు చెప్పుకోలేక సావాల" అన్నాడు. రాశాను. సార్ వచ్చి కట్టు కట్టాడు. రిజిస్టరులో సంతకం పెట్టబోయి ఆగాడు.

"ఇది రాసింది నువ్వేనా?"

"అవును సార్."

"పడింది సూసినావా?"

"ల్యా సార్."

"నేను పిల్లోని చెంప సూసినా. నాలుగు వేళ్ల అచ్చుండాది. మీ బాత్రూం బండలకు వేళ్లుండాయా అప్పా?"

ఆయన గొంతు పెంచలేదు. నా వాక్యం కింద తన చేత్తో రాయడం మొదలుపెట్టాడు. గాయం ఎంత పొడవు, చెంప మీద ఏముంది, పిల్లోడు ఏం చెప్పాడు, అంతా రాసి, చివర "జారిపడిన గాయం కాదు" అని సంతకం పెట్టాడు. సూపరింటెండెంటు ఆ పేజీ చూసి కుర్చీలోంచి లేచాడు. "ఏంది సార్ ఇది? మిమ్మల్ని కట్లు కట్టేకి పిలిస్తిమి గానీ..."

"కట్టే కట్టినా సార్. దేనికి కట్టినానో రాసినా" అన్నాడు ఆయన, చేతులు తుడుచుకుంటూ.

ఆయన ఏ పిల్లోణ్నీ అడక్కుండా ముట్టుకునేవాడు కాదు. చేతులు కడుక్కుని, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని "సూడొచ్చా అప్పా?" అనేవాడు. వద్దంటే "సరే, నేనీడే ఉంటా" అని డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టేవాడు. హోంలో లే అంటే లేవాలి, కూర్చో అంటే కూర్చోవాలి. పిల్లల జేబులు మేం వెతికేవాళ్లం, వాళ్ల పక్కలు మేం దులిపేవాళ్లం. అడిగి ముట్టుకునే మనిషి ఆయనొక్కడే. డబ్బాలో అన్నం సగమయ్యేసరికి ఎంత మొండి పిల్లోడైనా చెయ్యి చాపేవాడు.

కొట్టినవాణ్నీ వదిలేవాడు కాదు. దెబ్బతిన్నవాడు సరేనంటే, కొట్టినవాణ్ని పిలిచి దూది ట్రే చేతికిచ్చేవాడు. తిట్లు లేవు. "పట్టుకో. కదలగాకు." అంతే. ఒకసారి హోమంతా హడలిపోయే ఆరడుగుల పిల్లోడు ట్రే పట్టుకుని, తాను చీల్చిన పెదవిని సార్ కడుగుతుంటే చూస్తూ చూస్తూ మోకాళ్లు మడిచి కూలబడ్డాడు. దెబ్బతిన్నవాడు ఫక్కున నవ్వాడు. నవ్వేసరికి పెదవిలోంచి మళ్లీ నెత్తురొచ్చింది. సార్ ఇద్దరికీ తన మజ్జిగన్నం పెట్టాడు. "నాకు కడుపులో తిప్పుతాంది సార్" అన్నాడు ఆ పెద్దోడు. "నాకూ ఇన్నేళ్లుగా తిప్పుతానే ఉండాదప్పా" అన్నాడు సార్.

ఆయనలో అన్నీ మంచిగుణాలే ఉన్నాయని అనను. దూది పెట్టె మూత ఎవరైనా తెరిచిపెడితే మధ్యాహ్నం దాకా గొణిగేవాడు. ఎవరు ఈల వేసినా ఒప్పుకునేవాడు కాదు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చెయ్యమని నన్నడిగేవాడు, చేస్తే "అంత ముసిలోణ్ని గాలేదులే" అని మళ్లీ చిన్నవి చేయించుకునేవాడు.

మా హోంలో పదహారేళ్ల పిల్లోడు ఒకడుండేవాడు. వాణ్ని చూడటానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఇంటివాళ్లొచ్చి పిల్లల్ని చూసిపోయే చూపుల రోజు అయిపోయిన మరుసటి రోజు వాడి ముంజేతి మీద కొత్త గాయాలుండేవి. ఎవరూ చేసినవి కాదు, వాడే చేసుకున్నవి. "నాటకాలు సార్ ఇవి" అన్నాడు మా కాపలావాళ్లలో ఒకాయన.

"నాటకమే అనుకుందాం. వాని నాటకం సూసేకి మనం తప్ప ఎవరుండారప్పా?" అన్నాడు సార్. తర్వాత నా వైపు తిరిగి "ఎట్లయిందని పోలీసోళ్లు అడుగుతారు. నొప్పి యాడుందని మనం అడగాల. ఈ రోజు నువ్వడుగు" అన్నాడు.

అడిగాను. వాడు గోడ వైపు తిరిగాడు. "నేనీడ ఉండానని మా అవ్వకు తెలుసునా సార్?" అన్నాడు. సార్‌కు చెప్తే, వాళ్ల ఊరి పేరు రాసుకుని "శనివారం పోయొస్తా" అన్నాడు.

శనివారం రాకముందే గొడవైంది. గురువారం అన్నాల దగ్గర ఎవడో వాణ్ని దిక్కులేనోడా అన్నాడు. వీడు కంచం ఎత్తి వాడి తల మీద కొట్టాడు. గొడవ చేసినవాణ్ని ఒంటిగా ఒక గదిలో పెట్టడం మా దగ్గర అలవాటు. కిటికీ లేని గది. సూపరింటెండెంటు చెప్పాడు, తాళం వేసింది నేను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

శుక్రవారం పొద్దున సార్ వచ్చి, వరసలో వాడు కనబడక "యాడుండాడు?" అన్నాడు. చెప్పాను.

"తాళం తీ."

"ఆర్డర్ ల్యాదు సార్."

"మనిషిని సూసేకి ఆర్డరేందప్పా? తీ!" నా మీద ఆయన అరిచింది ఆ ఒక్కసారే.

తలుపు తీసేసరికి వాడు కింద పడున్నాడు. వాడికి వాడే చేసుకున్న గాయం ఈసారి చాలా లోతు. కళ్లు మూతలు పడుతున్నాయి. సార్ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఆ చెయ్యి అదిమి పట్టుకున్నాడు. జీపులో నంద్యాల ఆసుపత్రికి పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. దారి పొడుగునా వాడి చెవి దగ్గర చెప్తూనే ఉన్నాడు: "ఇదిగో పెట్రోలు బంకు దాటినాం. ఇదిగో గేదెలు అడ్డమొచ్చినాయి, డ్రైవరు తిడతాండాడు ఇంటాండావా? ఇదిగో ఊర్లోకొచ్చినాం." వాడు బతికాడు. సాయంత్రం డాక్టరు ఆ మాట చెప్పాక, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న సార్ వేళ్లు ముడవలేకపోయాడు. గ్లాసు నేనే పట్టుకుని టీ తాగించాను. మరుసటి రోజు శనివారం. చెప్పినట్టే బస్సెక్కిపోయి వాళ్ల అవ్వను వెంటబెట్టుకొచ్చాడు.

అదే రోజు సూపరింటెండెంటు నా ముందు కొత్త రిజిస్టరు పెట్టాడు. సోమవారం పిల్లల కేసులు తేల్చే బోర్డు మేడం విచారణకొస్తోంది. పాతది తడిసిపోయిందని చెప్పి, సార్ రాసినవన్నీ వదిలేసి, ఒంటిగది మాట లేకుండా అంతా తిరగరాయమన్నాడు. "ఉద్యోగం ఎట్లా వచ్చిందో గుర్తుపెట్టుకో" అన్నాడు. నాలుగు పేజీలు రాశాను. ఐదో పేజీకి చెయ్యి పోలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ పోయాను.

సార్ వాకిట్లో కూర్చుని గోర్లు తీసుకుంటున్నాడు. అంతా విన్నాడు. "రాయొద్దని నేను చెప్పనప్పా. మీ ఇంట్లో పొయ్యి మండాల, అది నీకు తెలుసు. నేను సూసింది మాత్రం నేను చెప్తా" అన్నాడు. నేను లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "రేపు నువ్వు యాపక్క మాట్లాడినా మా ఇంట్లో కూసోని అన్నం తినొచ్చు. ఇప్పుడు గూడా తినే పో." ఆయన కూతురు కంచం పెట్టింది. నన్ను బెదిరించినవాళ్లను చూశాను, బుజ్జగించినవాళ్లను చూశాను. నా నిర్ణయాన్ని నాకే వదిలేసి అన్నం పెట్టిన మనిషిని అంతకుముందు చూడలేదు.

సోమవారం బోర్డు మేడం రిజిస్టరు తెమ్మంది. రెండూ తీసుకుపోయి బల్ల మీద పెట్టాను.

"రెండెందుకున్నాయి?"

"ఇది జరిగింది మేడం. ఇది నన్ను రాయమన్నది."

ఆమె పాత రిజిస్టరులో సార్ చేతిరాతను వేలు పెట్టి చదువుతూ పోయింది. ఆఖరున తలెత్తి "ఆ గదికి తాళం ఎవరు వేశారు?" అంది.

"నేనే మేడం."

బయటికొస్తే సార్ నీళ్ల కుండ దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం తట్టడాలు ఆయనకు రావు. "నీళ్లు తాగు" అని గ్లాసిచ్చాడు.

ఆ వారమే ఒంటిగది తలుపు ఊడదీశారు. సూపరింటెండెంటును వేరే చోటికి పంపారు. పిల్లలతో మాట్లాడటానికి వారానికి రెండుసార్లు ఒక కౌన్సెలర్ అమ్మ రావడం మొదలైంది. ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చారు. తాళం వేసినందుకు నాకు మెమో ఇచ్చారు. అది ఇప్పటికీ నా సర్వీసు పుస్తకంలో ఉంది. తీసెయ్యమని నేనెప్పుడూ అర్జీ పెట్టలేదు. సార్ రాతల్లాగా, జరిగింది జరిగినట్టే నా గురించి రాసిన కాగితం అదొక్కటే.

గొడవలు ఆగిపోయాయని రాస్తే సార్ ఒప్పుకోడు. ఆగలేదు. చేతులు గాయపరుచుకునే పిల్లలు ఆ తర్వాత కూడా వచ్చారు. అయితే ఒంటిగా ఎవరూ లేరు, చూసి కూడా రాయకుండా వదిలేసిన గాయం లేదు. ఒకసారి ఒక పిల్లోడు బాత్రూంలో జారి మోచెయ్యి కొట్టుకున్నాడు. సార్ స్వయంగా పోయి ఆ బండ మీద కాలు పెట్టి జారుతుందో లేదో చూసి, వెనక్కొచ్చి సంతోషంగా "నిజంగానే జారిపడినాడు" అని రాశాడు. ఆ పేజీ చూసి హోమంతా నవ్వింది. మోకాళ్లు మొరాయించేదాకా, ఇంకో ఆరేళ్లు వచ్చాడాయన.

ఆదివారం సాయంత్రం ఆళ్లగడ్డ సమాధుల తోటలో ఆసుపత్రివాళ్లు, చర్చివాళ్లు, వీధివాళ్లు నిండిపోయారు. గోడ పక్కన ఆరేడుగురు పడుచువాళ్లు విడిగా నిలబడి ఉన్నారు. వాళ్లెవరో నాకు తెలుసు. పాస్టరుగారు "ఎవరైనా రెండు మాటలు చెప్తారా?" అంటే వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. సార్ తమకెట్లా తెలుసో నలుగురిలో ఎట్లా చెప్తారు? కూతురు వాళ్ల వైపు చూసి "రండప్పా, మీరు ముందు వేయండి" అంది. తన వాళ్లకంటే ముందు వాళ్ల చేత మన్ను వేయించింది.

అంతా అయ్యాక గేటు పక్కనున్న బోరింగు దగ్గర జనం చేతులు కడుక్కోవడానికి గుమిగూడారు. ఆనాడు జీపులో తీసుకుపోయిన పిల్లోడు ముందే పోయి బోరింగు పట్టుకున్నాడు. ఇప్పుడు వాడు పిల్లోడు కాదు, మామిడికాయల లారీలకు ఎత్తుడు పని చేసే మనిషి. ఎవరూ చెప్పలేదు, వాడే కొడుతున్నాడు. ఆడవాళ్లు కడుక్కున్నారు, ముసలివాళ్లు మొహాలు కడుక్కున్నారు, పాస్టరుగారు కాళ్లు కడుక్కున్నారు. నా వంతు అయ్యాక "ఇట్లియ్యప్పా, కాసేపు నేను కొడతా" అన్నాను.

"ఉండనీ సార్. ఇంగా శానామంది ఉండారు" అన్నాడు.

చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. ముంజేతుల మీద పాత గీతలన్నీ తడిసి కనబడుతున్నాయి. వాటిని దాచుకునే ధ్యాసే వాడికి లేదు. నీళ్లు ఎర్రమట్టిలో సన్నగా పాయ కట్టి గేటు దాటి రోడ్డు మీదికి పోతున్నాయి, వాడు కొడుతూనే ఉన్నాడు.