పల్లెలో పండుకున్న బస్సు

పందొమ్మిది వందల ముప్పై ఆరు, ఎండాకాలం. కర్నూలులో తుంగభద్రకు దిగే దారి పక్కన నాకొక మోటారు షెడ్డు ఉండేది. రేకుల కప్పు, నాలుగు రాతి స్తంభాలు, నడుమ ఒక గుంత. ఆ గుంతలో దిగి బండి కడుపు కింద నిలబడి పనిచేయడం నా వృత్తి. ఇప్పటికీ అదే వృత్తి, అదే గుంత. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. ఇంజను మొండికేస్తే ఓపిక పడతాను కానీ, ఇంజను యజమాని మొండికేస్తే మాత్రం పట్టలేను. అలా నేను నెల రోజులు అరిచి, ఆఖరికి నడిరోడ్డు మీద సంతోషంతో ఎగిరి గంతేసిన కేసు ఒకటుంది. మోటారు పని గురించి అడిగేవాళ్లందరికీ ముందు అదే చెబుతాను.

దేవదానంది ఓర్వకల్లు దాటాక రాళ్లగుట్టల వెనక ఉన్న ఒక పల్లె. ఊరివాళ్లు ముట్టకూడదని దూరంగా పెట్టిన పాలెంలో చర్చి పక్కన ఇల్లు, కొంచెం మెట్ట పొలం. మొదటి యుద్ధంలో మెసొపొటేమియా దేశం పోయి మిలిటరీ లారీ తోలడం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక బళ్లారిలో కొన్నాళ్లు, గుంతకల్లులో కొన్నాళ్లు, ఎవరెవరివో బండ్లు తోలుతూ వయసంతా బయటే గడిపాడు. కూడబెట్టినదంతా పెట్టి ఒక పాత చాసీ కొని నా షెడ్డుకు ఈడ్చుకొచ్చాడు. చాసీ అంటే బాడీ లేని బండి. ఇంజను, చక్రాలు, ఎముకల గూడు, అంతే. దాని మీద చెక్కబాడీ కట్టించి, ఇంజను విప్పి బాగుచేసి బస్సుగా నిలబెట్టడం నా పని. క్రాంక్ హ్యాండిల్ తిప్పగానే ఆ ముసలి ఇంజను మొదటిసారి పలికిన రోజు మేమిద్దరం ఒకరినొకరు కావలించుకున్నాం. ఒళ్లంతా గ్రీజు.

ఆ సంతోషంలోనే అడిగాను. "ఏ రూటప్పా?"

"మా ఊరి నుంచి కర్నూలు. పొద్దున వస్తా, సాయంత్రం పోతా."

"తిక్క పట్టిందా నీకు? బస్సన్నాక కర్నూల్లో పుట్టి కర్నూల్లోనే పండుకోవల్ల. పెట్రోలు ఈడ, మేస్త్రీ ఈడ, జనం ఈడ. మీ ఊర్లో ఏముండాది?"

"మార్తమ్మ ఉండాది," అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"పెండ్లయినప్పటి నుంచి వరసగా ఒక నెల ఇంట్లో పండుకున్నది లేదు మేస్త్రీ. రాత్రికి నా ఇంట్లో వేడి సంగటి తినల్ల, పాలెం పిల్లోల్లతో కూర్చోని నాలుగు పాటలు పాడల్ల. దానికే బస్సు కొన్నా. ఆ పని కాకపోతే ఈ బస్సు నాదైతే ఏమి, ఇంకోడిదైతే ఏమి?"

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బండి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మేస్త్రీ ఉండాలి. ఆ రాళ్లగుట్టల్లో తెల్లారి బండి కదలకపోతే ఎవడొచ్చి చూస్తాడు? పైగా ఆ రోజుల్లో టైమింగు అనేది పెద్ద విషయం. ఏ బస్సు ఏ ఊళ్లో ఎన్ని గంటలకు బయలుదేరాలో ఆఫీసువాళ్లు రాసి ఇచ్చే హక్కును టైమింగు అంటారు. మంచి టైమింగు ఉంటే డొక్కు బండి కూడా నిండుతుంది. ఆ దారిలో తిరిగే బస్సులన్నీ మా కర్నూలు షావుకారు ఒకాయనవే. నా షెడ్డుకు పని ఎక్కువగా వచ్చేది ఆయన దగ్గర నుంచే. దేవదానం అర్జీ పెట్టాడని తెలియగానే ఆ టైమింగు కర్నూలు నుంచి బయలుదేరేటట్టు తనకే కావాలని ఆయన కూడా అర్జీ పెట్టేశాడు.

పర్మిట్లు ఇచ్చే ఆఫీసరు తమిళాయన. మాట తక్కువ మనిషి. "ఒక నెల నడుపు. నెలాఖరున నేనే వచ్చి ఎక్కుతాను. పల్లె నుంచి పొద్దున్నే కర్నూలుకు వచ్చే జనం ఉన్నారని నాకు కనపడాలి. లేకుంటే టైమింగు షావుకారుకు పోతుంది," అన్నాడు. టైమింగు పోతే దేవదానం మళ్లీ ఎవరి లారీయో తోలుకుంటూ దూరదేశం పోవాల్సిందే. ఉన్నదంతా ఆ బస్సులోనే పెట్టాడు కదా.

మొదటి వారం పాలెంవాళ్లు తప్ప ఎవరూ ఎక్కలేదు. ఊళ్లో రైతులు అరుగుల మీద కూర్చుని చూశారు. పాలెంవాడి బస్సులో మనమెట్ల కూర్చునేది అని కొందరు పైకే అన్నారు. అంతలో ఒక రైతుకు కోర్టు వాయిదా వచ్చింది. అంతవరకు వాయిదా అంటే ఆయనకు రెండు రాత్రుల శిక్ష. షావుకారు బస్సు పొద్దున కర్నూలు నుంచి బయలుదేరి సాయంత్రం తిరిగొస్తుంది. దానిలో ఎక్కితే చీకటి పడేవేళకు కర్నూలు చేరతారు. సత్రంలో దోమలతో ఒక రాత్రి. మర్నాడు కోర్టు పని అయ్యేసరికి పొద్దుటి బస్సు పోయి ఉంటుంది. ఇంకో రాత్రి. ఈసారి ఆయన దేవదానం బస్సు ముందు సీటులో ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. కోర్టు తెరిచే వేళకు దిగాడు, సాయంత్రం ఎక్కాడు, రాత్రి తన మంచం మీద తనే పండుకున్నాడు. మర్నాడు నలుగురు రైతులు ఎక్కారు.

అప్పుడు నాకు వెలిగింది. ఇంటికి చేరాలని ఉన్నది దేవదానానికి ఒక్కడికే కాదు. ఆసుపత్రికి వచ్చేవాళ్లకు, గింజలు అమ్ముకునేవాళ్లకు, తాలూకా కచేరీ చుట్టూ తిరిగేవాళ్లకు అందరికీ అదే కోరిక. ఇతను తన కోసం పెట్టుకున్న వేళ ఊరంతటికీ సరిపోయింది. ఇంకో సంగతి కూడా తేలింది. పొద్దున వచ్చిన బస్సు సాయంత్రం దాకా కర్నూల్లో ఖాళీగా ఉంటుంది, అదీ నా షెడ్డులోనే. పగటి వెలుతురులో తీరిగ్గా ఒక్కొక్క బోల్టూ బిగించుకునేవాళ్లం. నాకు సంతోషం ఆగేది కాదు. గుంతలో నుంచే పాటలు పాడుకున్నాను.

కానీ ఆ ఊరికి నీళ్ల కరువు. మోటారుకు పెట్రోలు ఎంత అవసరమో నీళ్లూ అంతే. ఇంజను ముందు జల్లెడ లాంటి పెట్టె ఉంటుంది, దాన్ని రేడియేటర్ అంటారు. అందులో నీళ్లు తిరుగుతూ ఇంజను వేడిని లాగేస్తాయి. ఎండల్లో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. పొద్దున్నే బిందెలకు బిందెలు పోయాలి. రైతులు తోడి పోసే ఊరి బావిలో నీళ్లు అడుగంటాయి. ఓబులమ్మ అనే రైతు ఇల్లాలు ఒక తెల్లవారి బిందె అడ్డం పెట్టి దేవదానాన్ని నిలదీసింది.

"నీ మోటారుకు పోస్తే మా గొడ్లకేం పోసేది? మా పిల్లోల్లకేం పోసేది? దానికి దప్పికైతే కర్నూల్లోనే కట్టేసుకో పో!"

ఆమె మాట అబద్ధం కాదు. దేవదానం తల వంచుకుని వచ్చి నాతో చెప్పాడు. "అయిపాయ మేస్త్రీ. బస్సు కర్నూల్లోనే పెట్టుకుంటా." నెల కింద నేను మొత్తుకున్నదే అది. అతను ఒప్పుకున్నాక నాకే నచ్చలేదు.

ఆ మర్నాడు మార్తమ్మ బస్సెక్కి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. షెడ్డు మూలన పడున్న ఖాళీ పెట్రోలు డబ్బాలను కాలితో తట్టి చూసింది.

"అన్నా, ఇవి కారుతాయా?"

"కారవు. ఎందుకు చెల్లెమ్మా?"

"ఎందుకేమిటి, ఆ కనపడేది ఏరు కాదా? బస్సు సాయంత్రం ఊరికి వస్తాది గదా. తెల్లారి తాగే నీళ్లు అదే మోసుకొస్తాది. ఊరి బావిలో చుక్క ముట్టద్దు."

దేవదానం నన్ను చూశాడు, నేను దేవదానాన్ని చూశాను. నదికి రాయి విసిరేంత దూరంలో కూర్చుని ఇద్దరు మగవాళ్లం పట్టుకోలేని ఆలోచన అది. ఆ సాయంత్రమే టాపు మీద డబ్బాలు కట్టాం. బావి దగ్గర తగాదా చల్లారింది. వారం తిరిగేసరికి ఓబులమ్మే మనవరాలిని కళ్ల డాక్టరుకు చూపించడానికి బస్సెక్కింది. పాడి బర్రెను వదిలి రెండు రాత్రులు ఉండలేక ఆ పిల్ల కళ్లను అంతవరకు నాటుమందుతోనే నెట్టుకొచ్చిందట.

నెలాఖరు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే నేను ఆ ఊరికి పోయి, తెల్లవారి నా చేతులతో బండిని చూసుకుని బయలుదేరదీశాను. బస్సు కిటకిటలాడుతోంది. ఓర్వకల్లు సర్కారు బంగళా దగ్గర ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ముందు సీటు ఖాళీ చేసి కూర్చోబెట్టాం. ఆయన వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు.

ఓర్వకల్లు దాటి ఎత్తు ఎక్కుతుంటే బుస్సుమని శబ్దం వచ్చింది. ముందంతా ఆవిరి. దిగి చూస్తే రేడియేటర్ కింది గొట్టాన్ని అతికించిన సీసపు టంకం ఊడిపోయింది. నీళ్లు ధారగా కారుతున్నాయి. టాపు మీది డబ్బాలు పొద్దున్నే ఖాళీ అయ్యాయి. టంకం వేయడానికి సామాను షెడ్డులో ఉంది. ఆఫీసరు గడియారం తీశాడు.

"ఎవరి దగ్గరైనా పిండి ఉందా?" అని అరిచాను. అరవడం నాకు అలవాటే గదా.

ఓబులమ్మ మూట విప్పింది. ఆసుపత్రి దగ్గరున్న చుట్టాలకు తీసుకుపోతున్న రాగిపిండి. "ఇది సంగటికప్పా, మోటారుకా?"

"ఈ పొద్దుకు మోటారుకే అవ్వా."

మా వృత్తిలో ఇది పాత ఉపాయం. పిండిని పలుచగా కలిపి రేడియేటర్లో పోసి ఇంజను నడిపితే, వేడికి ఉడికి బంకలాగా మారి చిల్లి దగ్గర పట్టుకుంటుంది. కొంతసేపు పనికొస్తుంది. కానీ ఉపాయానికి కూడా నీళ్లు కావాలి కదా. నేను అడగాలా వద్దా అని నిలబడ్డాను. కర్నూలు చేరేదాకా దారిలో తాగడానికి వాళ్లు తెచ్చుకున్న నీళ్లు అవి. ఊరి బావి అడుగు నుంచి తోడినవి.

ఓబులమ్మే ముందు తన నీళ్ల సొరబుర్ర మూత తీసింది. "పోసుకో సామీ. దానికి దప్పికైతాంది." వెనక కోర్టు రైతు చెంబు అందించాడు. పాలెం ఆడవాళ్లు, ఊరి ఆడవాళ్లు, ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ ముంతలు, సీసాలు ముందుకు పంపారు. ఎవరి నీళ్లు ఎవరు ముట్టారని ఆ పొద్దు ఎవరూ అడగలేదు. నేను చల్లారనిచ్చి కొద్దికొద్దిగా పోశాను. పిండి ఉడికింది. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగింది. ఆగింది! నేను నడిరోడ్డు మీద ఎగిరి గంతేశాను. ఆఫీసరు ముందే. తర్వాత ఆ రేడియేటర్ విప్పి లోపలి సంగటి కడగడానికి నాకు రెండు పూటలు పట్టింది, అది వేరే కథ.

మళ్లీ కదిలాక ఆఫీసరు వెనక్కి తిరిగి అడిగాడు. "ఏమమ్మా, తాగే నీళ్లు పోసేశారు. ఇతను మీ చుట్టమా?"

ఓబులమ్మ ముఖం తుడుచుకుంది. "చుట్టమేం కాదు సామీ. ఈ మోటారు ఆగిపోతే రాత్రికి మేం ఇల్లు చేరేదెట్ల?"

కోర్టు వేళకు కర్నూలు చేరాం. ఆఫీసరు దిగుతూ దేవదానం భుజం మీద చేయి వేసి, "టైమింగు నీదే. పిండి మాత్రం రోజూ పోయకు," అన్నాడు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. దేవదానం స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

షావుకారు కోపగించుకుంటాడనుకున్నాను. కానీ ఆయన వ్యాపారస్థుడు. కొన్నాళ్లకే తన బస్సొకటి నంద్యాల అవతలి పల్లెలో పండుకునేటట్టు వేళ మార్చుకున్నాడు. దేవదానం దగ్గరికి మనిషిని పంపి, ఇంకో బస్సు కొను, పొత్తు పెట్టుకుందాం అని కూడా అడిగించాడు. నేనైతే ఎగిరి ఒప్పుకునేవాడిని.

"రెండో బస్సు రాత్రికి యాడ పండుకుంటాది?" అని అడిగాడు దేవదానం.

"నంద్యాల్లో."

"అయితే నాకొద్దు. దాని కోసం నేను ఆడికి పోవల్ల గదా."

పిచ్చివాడు అన్నారు జనం. నేను అనలేదు. ఆ ఒక్క బస్సుతోనే అతను ఇన్నేళ్లూ నిలబడ్డాడు. మొన్నటి యుద్ధంలో పెట్రోలు లేక బొగ్గు గ్యాసుతో నడిపిన రోజుల్లో కూడా ఆ టైమింగు తప్పలేదు. బండి బలం, రూటు లాభం అన్నీ లెక్కగట్టే నేను, బండి తోలేవాడు ఎట్లా బతకాలనుకుంటున్నాడో అంతవరకు ఎవరినీ అడిగినవాడిని కాను. అది తెలియకుండా కట్టిన బండి ఎంత బాగా నడిచినా వాడికి అక్కరకు రాదని ఆ కేసు నాకు నేర్పింది.

పోయిన వారం ఒక కుర్రవాడు కడప వైపు నుంచి వచ్చాడు. బర్మా యుద్ధంలో మిలిటరీ లారీ తోలి తిరిగొచ్చినవాడు. కడప రాళ్లు మద్రాసుకు తోలడానికి పెద్ద లారీ కట్టించాలట. ఎన్ని టన్నులు, ఏ ఇంజను, అన్నీ గడగడా చెప్పాడు. అంతా విని అడిగాను.

"రాత్రిపూట యాడ పండుకోవల్లని ఉండాది నీకు?"

అతను నవ్వబోయి ఆగాడు. చేతిలోని టోపీని మడిచి విప్పి, మళ్లీ మడిచాడు.

"ఇంట్లో," అన్నాడు. "నాలుగేండ్లాయ మేస్త్రీ. నాకు బయట నిద్ర పట్టదు."

మద్రాసు లారీ సంగతి పక్కన పెట్టి, ఒక పెట్టె లాగి అతన్ని కూర్చోమన్నాను.