నిమ్మచెట్టుకు పోయిన నీళ్లు

మా వదినె చెంబెడు నీళ్లు కూడా ఊరికే పారబొయ్యనిచ్చేది కాదు. బియ్యం కడిగినవి బర్రెకు, స్నానం చేసినవి వాకిట్లో నిమ్మచెట్టుకు. బడి మానేసి నంద్యాలలో సైకిళ్లకు పంచర్లు వేసే నేను ఆళ్లగడ్డలో ఇంటికొస్తే, గడపలోనే చెంబు అందించేది. "చెట్టు కాడ కాళ్లు కడుక్కో అప్పా, దానికీ దప్పికే" అనేది.

నా నోరు ఊరుకోదు గదా. "నువ్వు సచ్చినా నీ నీళ్లు ఆ చెట్టుకే పోస్తాంలే వదినా" అన్నాను ఒకసారి. తిడుతుందనుకున్నా. "మాటంటే మాట, మరిసిపోయేవు" అని పగలబడి నవ్వింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఆ ఎండాకాలమే జరమొచ్చి వదినె పోయింది. వాకిట్లో చీరలు అడ్డం పట్టి ఆడోళ్లు కడసారి స్నానం చేయిస్తాంటే, నీళ్లు వీధి కాలువకు పారతాండాయి. నేను పార తీసుకొని చెట్టు పాదు వైపు దారి తవ్వినా.

"పీనుగ నీళ్లు చెట్టుకేందిరా, మతి పోయిందా?" అని పెదనాయన అరిచినాడు. మా అన్న లేచొచ్చి, వీధి కాలువకు పోయే నీళ్లకు ఒక రాయి అడ్డం పెట్టినాడు.

ఆ చెట్టు కాయలు మా వీధిలో ఎవరూ ముట్టరు. నేను మాత్రం ఇంటికి పోయినప్పుడల్లా ఆడనే కాళ్లు కడుక్కుంటా. చెంబు నేనే ముంచుకోవాల.